పసుపెక్కని ట్యూబులు

ముసునూరు దగ్గర ఒక రైతు మామిడితోటలో, కోతల మధ్యలో, కూలీలు పని ఆపేశారు. వాళ్లలో ఒకతనికి జ్వరం వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో రక్తం చూసి అది మలేరియా కాదన్నా వాళ్లు నమ్మలేదు. షెడ్డులో దోమల సంగతి తేలేదాకా అక్కడ పడుకునేది లేదు, చెట్టెక్కేది లేదన్నారు. కాయేమో చెట్టుమీదే పండిపోతోంది. రైతుకు అన్నం సహించడం లేదు.

మలేరియా దోమల జన్యువులపై పరిశోధన చేసే ల్యాబులో నాది ఫీల్డు ఉద్యోగం. ఆ వారం మా దోమల వల ఆ తోటలోనే ఉంది కాబట్టి, పరీక్ష అక్కడే చేసి చూపిస్తానన్నాను. పొద్దున్నే రసాల బుట్టలు పక్కకు జరిపి బల్లమీద సరంజామా వరుసగా పేర్చాను: పట్టిన దోమలు, వాటిని నూరే పుల్లలు, గులాబీరంగు ద్రవం పోసిన బుల్లి ట్యూబులు, వాటిని వేడిచేసే పెట్టె. పరీక్ష సరిగ్గా నడుస్తోందని తెలియడానికి ఒక ట్యూబులో మాత్రం ల్యాబు నుంచి తెచ్చిన మలేరియా జన్యుపదార్థం వేశాను. దోమలో మలేరియా క్రిమి ఉంటే గంటలోపే గులాబీ పసుపవుతుందని వివరంగా చెప్పాను. అందరూ తలూపారు.

వాళ్ల చెవిన పడింది పసుపన్న ముక్క ఒక్కటే.

పెట్టె మూత తీశాను. ల్యాబు ట్యూబు చక్కగా పసుపెక్కింది. తోట దోమలవన్నీ గులాబీగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. రైతు మొహం వాడిపోయింది.

"మనవి ఒక్కటీ రంగు తిరగలేదేంటండి?" అన్నాడు.

కూలీల్లో పెద్దావిడ పసుపు ట్యూబును వెలుతురుకి పట్టి చూసింది. "ఇది ఎవరి తోటదండీ? భలే తిరిగింది."

ల్యాబుదన్నాను.

"అంతేలెండి, వాళ్లకి మెషీన్లుంటాయి. పోనీ మనవి రెండ్రోజులు గడ్డిలో పెట్టి చూద్దామాండి? మగ్గుతాయేమో," అన్నాడు రైతు.

ఇక్కడ రంగు తిరగకపోవడమే మంచిదని మూడు రకాలుగా చెప్పాను. మూడోసారికి పెద్దావిడ అందుకుంది.

"అంటే మా ఆసామి దోమలు ఎందుకూ పనికిరానివన్నమాట."

కూలీలు నవ్వుకుంటూ కాయలు కోసే చిక్కం గెడలు భుజాన వేసుకుని చెట్లవైపు నడిచారు. నేను పరీక్షించిన దోమల సంగతే చెబుతున్నానని, దోమతెరలు మాత్రం మానొద్దని వాళ్ల వెనకాల అరుస్తూనే ఉన్నాను.

సాయంత్రం రైతు సంబరంగా ఒక బుట్ట కాయలు నా బండికి కట్టించాడు. ఇంటికొచ్చి విప్పితే అన్నీ రాళ్లలాంటి పచ్చికాయలు. ఫోన్ చేశాను.

"పసుపెక్కింది మంచిది కాదని మీరే చెప్పారు కదండీ. ఒక్కోటీ చూసి ఏరించాను," అన్నాడు.

కాయల్ని గడ్డిలో పెట్టాను.