మున్షీ వేసిన తారీఖు

మా ఆఫీసు గోడకు ఎవరో పోస్టర్లు అంటిస్తున్నారు. ఉడికించిన మైదా జిగురు వాసన కిటికీలోంచి గుప్పుమనగానే నాకు దానమ్మ ఆంటీ గుర్తొచ్చింది. భిలాయి సెక్టర్ 4లో మా పై క్వార్టర్ ఆవిడది. స్టీల్ ప్లాంటులో హాజరు లెక్క చూసే టైమాఫీసులో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైంది కానీ, ఆవిడలోని టైమాఫీసు మాత్రం రిటైరవలేదు. పాలవాడు ఎన్నింటికొచ్చాడో, పాస్టరుగారి ప్రసంగం ఎన్ని నిమిషాలు సాగిందో అన్నీ రాసి పెట్టుకునేది. పాపం, పాస్టరుగారు ఆవిడ చేతి గడియారం వంక చూస్తూనే ముగింపు ప్రార్థనలోకి వచ్చేసేవారు.

అప్పట్లో భిలాయి పక్కనే జాముల్ వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర నాకు లారీల లెక్క రాసే ఉద్యోగం దొరికింది. నాన్న రిటైరయ్యాక మా ఇంట్లో నెల జీతమంటూ వచ్చేది ఇక నాదొక్కటే. సంబరంగా పాలకోవా పేడాల డబ్బా పట్టుకుని పైకి వెళ్ళాను. చేరిన రోజు ఏమేం సంతకాలు పెట్టావని ఆంటీ అడిగింది. నాలుగు కాగితాలనీ, అందులో ఒకటి రాజీనామా అనీ, తారీఖు దగ్గర ఖాళీ వదిలేశారనీ చెప్పాను. ఆవిడ నోటిదాకా వెళ్ళిన పేడా తిరిగి డబ్బాలోకి వచ్చేసింది.

"ఏటే సునీతా, సంతకం ఎట్టినప్పుడు కళ్ళు ఇంటికాడ ఒగ్గీసి ఎల్లినావా?"

"అందరూ ఎట్టినారు ఆంటీ, నేనూ ఎట్టీసినాను."

ఆ రోజు నుంచి ప్రతి నెలా నా జీతం చీటీ ఆవిడకు అప్పజెప్పాల్సిందే. వాళ్ళబ్బాయి పాత జాగ్రఫీ నోటుబుక్కులో నదుల పటాల పక్కన మైదా జిగురుతో అంటించేది. హెల్మెట్‌కు కోత, గుర్తింపు కార్డుకు కోత, ఆలస్యానికి కోత. ముసలావిడ చాదస్తమని లోపల విసుక్కునేదాన్ని.

తొమ్మిదో నెల గడిచాక వచ్చిన చీటీలో విరిగిన కుర్చీకి కూడా కోసేశారు. ఆ కుర్చీ నేను చేరేనాటికే మూడు కాళ్ళ మీద ఉంది. ఆ మాటే మున్షీని, అంటే కాంట్రాక్టరు గుమస్తాని, గట్టిగా అడిగాను. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. నేనే రాజీనామా ఇచ్చేశానట. కాగితం మీద సంతకం నాదే, తారీఖు మాత్రం కిందటి నెల ఐదు. రెండువందల నలభై రోజులు పనిచేసినవాళ్ళను ఊరికే తీసెయ్యడం కుదరదు కనుక, నాకు అన్ని రోజులు నిండకుండా వెనక్కి లెక్కేసి మరీ వేశాడు. ఇంటికొచ్చి మా క్వార్టర్ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. ఆంటీ ఓదార్చలేదు, నోటుబుక్కు తెరిచింది.

లేబర్ ఆఫీసులో మా ఫిర్యాదు విచారణకు ఆవిడ చర్చికి కట్టుకునే తెల్లచీరలో, గొడుగు పుచ్చుకుని వచ్చింది. ఐదో తారీఖు నుంచి పిల్ల పనిలోకే రాలేదని మున్షీ తొణక్కుండా చెప్పాడు. ఆంటీ నోటుబుక్కు అధికారి ముందు పెట్టింది. ఆయన కాసేపు గోదావరిని పరిశీలించి, పక్కనున్న చీటీకి వచ్చారు. అందులో అదే నెల తొమ్మిదిన, పద్నాలుగున ఆలస్యంగా వచ్చినందుకు జరిమానా ఉంది. పైన మున్షీ సంతకం. ఐదున మానేసిన పిల్ల తొమ్మిదిన ఆలస్యంగా ఎలా వచ్చిందని ఆంటీ హిందీలో, విజయనగరం యాస పోకుండా, చాలా మర్యాదగా అడిగింది.

"సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చిందేమో సార్," అన్నాడు మున్షీ.

"దానికి కూడా ఆలస్యమైందని జరిమానా వేశావా?" అన్నారు అధికారి.

నన్ను తిరిగి పనిలోకి తీసుకోవడానికీ, కుర్చీ డబ్బు ఇచ్చెయ్యడానికీ కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. ఆ ఊపులో అధికారి జరిమానాలు కూడా వాపసు ఇమ్మనబోతుంటే ఆంటీ అడ్డుపడింది. అవి న్యాయమైనవేననీ, ఆ రెండు రోజులూ నేను ఎన్నింటికి బయల్దేరానో బాల్కనీలోంచి తాను చూసి రాసుకున్నాననీ చెప్పింది. మున్షీ నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. ఇంటికొచ్చే దారంతా ఆవిడకు రెండడుగులు ముందే నడిచాను. ఆవిడే మాట్లాడింది.

"మనది కాని రూపాయి అడిగితే, మనది అడగడానికి నోరు లెగదే పిల్లా."

ఆంటీ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు నేను మరో కాంట్రాక్టరు దగ్గర జీతాల చీటీలు రాస్తున్నాను. కోత ఎందుకో ఆ మనిషిని పిలిచి చెప్పకుండా ఒక్క అంకె కూడా వెయ్యను. పోయిన నెల ఊడ్చే పనికి పదకొండు మంది ఆడవాళ్ళు కొత్తగా చేరారు. తారీఖు లేని రాజీనామాల మీద వాళ్ళచేత వేలిముద్రలు వేయించమని యజమాని కట్ట ఇచ్చారు. అందులోంచి ఒక కాగితం తీసి నా పేరు రాసి, సంతకం పెట్టి, ఆ రోజు తారీఖు వేసి ఆయన ముందుంచాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు, కట్టంతా సొరుగులో పడేశారు. మర్నాడు ఆ పదకొండు మందీ పనిలోకి వచ్చారు, నేనూ వెళ్ళాను.