కండువా మార్చిన డిండో

ఫిలిప్పీన్స్ బాస్కెట్‌బాల్ లీగులో ముడిమ్యాల ఊరి జంగయ్యను మించిన కోచ్ లేడు. ఇంతవరకు బంతి ముట్టకపోవడం ఒక్కటే ఆయనకున్న లోటు. మనీలాలో డాక్టరు చదువు సగంలో వదిలేసి వచ్చిన మనవరాలు మేఘ వెంట తెచ్చిన పిచ్చి ఇది. సాయంత్రం అయిదింటికల్లా టమాట మళ్లకు నీళ్లు కట్టి, పంచె మోకాళ్ల పైకి లాక్కుని, ఆమె ఫోను ముందు కూర్చుంటాడు. ఈ సీజన్లో ఆయన నీలం జట్టుకు ముగ్గురు కోచ్‌లు మారారు. ఓటమి మీద ఓటమి. చివరికి యాజమాన్యం ఆయన ప్రాణంలా చూసుకునే ఆటగాడు డిండోను ఎర్ర జట్టుకు ఇచ్చేసింది. "వాళ్లే ఇచ్చేసిన్రు తాత, ఆయన తప్పేమున్నది" అని మేఘ ఎంత చెప్పినా, మూడు సర్పంచ్ ఎన్నికలు నడిపిన జంగయ్యకు అది కండువా మార్చడమే.

నిన్న ఆ డిండోనే నీలం జట్టు మీద ఆఖరి క్షణంలో బంతి బుట్టలో వేసి ఎర్ర జట్టును గెలిపించాడు. కొత్త జట్టువాళ్లు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. జంగయ్య ఫోను బోర్లా పెట్టాడు. కాసేపాగి మళ్లీ తిప్పి, తువ్వాలతో తెర తుడిచి మరీ చూశాడు.

"ఓడినమని కుళ్లుకుంటున్నవా తాత?" అని మేఘ గిల్లింది.

"ఓడితే ఓడినం తియ్యి. మన దగ్గరున్నన్ని రోజులు వాడు ఒక్కనాడన్న గట్ల నవ్విండా పిల్లా."