ఎలాంటి ఇబ్బందీ లేదు

మా పెద్దమ్మ ఇంట్లో ఏ తలుపు మూసి కనబడినా ఊరుకోదు. వేలి కణుపుతో రెండుసార్లు తడుతుంది. లోపలి నుంచి మనిషి గొంతు వినబడేదాకా అక్కణ్ణుంచి కదలదు. స్నానాలగదిలో ఉన్న పెదనాన్న రోజూ పొద్దున్నే హాజరు పలకాల్సిందే.

"బతికే ఉన్నానే. గడ్డం సగమే అయింది."

"ఆ ముక్క మొదటిసారి తట్టినప్పుడే చెప్తే నోరు అరిగిపోతుందా?" అనేసి వంటింట్లోకి వెళ్తుంది.

ఈ అలవాటు మొదట్నుంచీ లేదు. పోయినేడాది వచ్చింది.

పెద్దమ్మ ఆడవాళ్ల జైల్లో వార్డరు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. లోపలున్నవాళ్లు ఆమెను తాళాలక్క అంటారు. డ్యూటీ దిగేముందు వార్డరు పుస్తకంలో ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. పెద్దమ్మ కొత్తలో ఒక ముసలి వార్డరు నేర్పిన వాక్యం అది: ఎలాంటి ఇబ్బందీ లేదు. కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్నా, ఒకరు రోజంతా ఏడ్చినా ఆ వాక్యం మారదు. మారాలంటే రక్తం కనబడాలి, లేదా డాక్టరు రావాలి. ఒకసారి ఊరెళ్తూ పెదనాన్నకు రాసిన చీటీ చివర కూడా చేతి అలవాటు కొద్దీ అదే రాసేసింది. "నువ్వు లేకపోతే నాకు నిజంగానే ఏ ఇబ్బందీ లేదు" అని ఆయన ఆ చీటీని చాలాకాలం దాచుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక ట్రాన్స్ మహిళను ఆ జైలుకు తీసుకొచ్చారు. దొంగతనం కేసు, విచారణ ఇంకా మొదలవలేదు. అంతకుముందు ఐదు వారాలు మగవాళ్ల జైల్లో ఉంచారు. అక్కడేం జరిగిందో కాగితాల్లో లేదు. ఎడమచెయ్యి మాత్రం విరిగి వంకరగా అతుక్కుంది. ఆమెను ఎక్కడ ఉంచాలో ఒక కమిటీ నలభై ఐదు రోజుల్లో తేల్చాలని, అప్పటిదాకా ఆడవాళ్ల జైల్లోనే ఉంచాలని కోర్టు చెప్పింది.

ఆమెను తమతో ఉంచొద్దని ఆ పూట రెండో బ్యారక్‌లో ఎవరూ అన్నం ముట్టలేదు. వాళ్ల తరఫున, కుట్టుమిషను దగ్గర పనిచేసే ఖైదీ పెద్దమ్మతో మాట్లాడింది.

"ఆమె ఏదో చేసిందని కాదక్కా. ఆ గొంతు వింటే నాకు చేతులు చల్లబడిపోతున్నాయి. పదేళ్లు అలాంటి గొంతున్నవాడి చేతిలోనే తన్నులు తిన్నా. ఇక్కడికొచ్చాకే నిద్రపోవడం నేర్చుకున్నా. ఆమె పక్కన పడుకోమంటే ఎలా?"

ఆ పిల్ల ఒంటిమీద మచ్చలు పెద్దమ్మే తనిఖీ చేసి పుస్తకంలో ఎక్కించింది. కొత్తామె వంకర చెయ్యి కూడా తనే ఎక్కించింది.

సూపరింటెండెంటు మేడం ఇద్దరినీ నొప్పించని దారి వెతికింది. నడవా చివర పాత పరుపులు వేసే గది ఖాళీ చేయించి, కొత్తామెను అందులో పెట్టింది. తలుపుకు అరచేయంత కిటికీ. మిగతావాళ్లను లోపల పెట్టి తాళం వేశాక, రోజుకు అరగంట ఆమె ఒక్కతే బయట తిరగాలి. "నలభై ఐదు రోజులేగా" అంది మేడం.

మొదటివారం పెద్దమ్మ రెండుసార్లు తట్టగానే లోపలి నుంచి హుషారుగా జవాబు వచ్చేది. "ఉన్నానక్కా. ఎక్కడికి పోతా, తాళం మీ దగ్గరేగా." కూరలో ఉప్పు గురించి వంటవాళ్లకు కబుర్లు పంపేది.

రెండోవారం, ఇప్పుడు పొద్దునా సాయంత్రమా అని అడగడం మొదలుపెట్టింది. మూడోవారం, పెద్దమ్మ ఇంకా నడవా మొదట్లో ఉండగానే "ఉన్నా, ఉన్నా" అని వినబడేది. ఒకరోజు "ఇద్దరం ఉన్నామక్కా" అంది.

"ఇద్దరెవరే?"

"నేనూ, మీరు తట్టే చప్పుడూ. మీరు పోయాక కూడా అది ఇక్కడే ఉంటోంది."

పెద్దమ్మ కిటికీలోంచి చూసింది. ఆమె గోడకు తల ఆనించి కూర్చుని, వంకర చేతి కణుపులతో గోడను మెల్లగా తడుతోంది. రెండేసి సార్లు. కణుపుల మీద తోలు లేచింది గానీ రక్తం రాలేదు.

పెద్దమ్మ పుస్తకంలో రాసింది: ఎలాంటి ఇబ్బందీ లేదు.

తర్వాత జవాబు ఆలస్యం కాసాగింది. తట్టి పదిదాకా లెక్కపెట్టాల్సి వచ్చేది, తర్వాత ముప్పైదాకా.

నలభై నాలుగో రోజు కమిటీ వచ్చింది. ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ వార్డరు పుస్తకం తెరిచి పెట్టుకుంది. పెద్దమ్మ ఆ ఉదయం అద్దం ముందు నిలబడి సాధన చేసుకున్న మాట ఒకటుంది: ఆ గది వద్దండి, ఆమెకు మెల్లగా పిచ్చెక్కుతోంది.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదేనండి."

"నలభై మూడు రోజులు. ఒక్కరోజు కూడా ఇబ్బంది లేదు."

"అది... రోజూ అలాగే రాస్తామండి."

"అలాగే అంటే? నిజం కాకపోయినా రాస్తారా?"

సూపరింటెండెంటు మేడం తలెత్తి చూసింది. గదిలో ఫ్యాన్ కిర్రుమంటోంది. తప్పుడు రాత రాసిన వార్డర్లకు ఏమవుతుందో పెద్దమ్మకు తెలుసు. ఇరవై ఆరేళ్లలో ఇద్దరిని చూసింది.

"నిజమేనండి" అంది.

మర్నాడే నిర్ణయం వచ్చింది. మగవాళ్ల జైలుకు పంపడం ప్రమాదం, ఆడవాళ్ల మధ్య ఉంచడం అభ్యంతరకరం, ప్రస్తుత గదిలో ఆమెకు ఇబ్బంది లేనట్టు రికార్డు చెబుతోంది కాబట్టి కేసు తేలేదాకా అక్కడే. రెండో బ్యారక్‌లో ఆ పూట అందరూ కడుపునిండా తిన్నారు. కుట్టుమిషను పిల్ల మాత్రం పెద్దమ్మను "పాపం, ఒక్కతేనా అక్కా?" అని అడిగింది.

పెద్దమ్మ వెళ్లి తట్టింది. యాభైదాకా లెక్కపెట్టింది.

"ఇక్కడ నాకు బాగుందని మీరే చెప్పారటగా, అక్కా" అంది లోపలి గొంతు. కోపంగా లేదు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా ఉంది.

ఆ సాయంత్రం పెద్దమ్మ పుస్తకంలో పేజీ నిండా రాసింది. గోడ సంగతి, కణుపుల సంగతి, లెక్కల సంగతి. అంతకుముందు అన్ని రోజులూ చూసినదాన్ని రాయలేదని కూడా రాసి సంతకం పెట్టింది. మేడం అది చదివి పుస్తకం మూసేసింది. "ఇది కమిటీకి పంపితే ముందు పోయేది మీరే. పంపను. మీరు లోపల డ్యూటీకి రావద్దు" అంది. పెద్దమ్మ ఆ పేజీ నకలు తనే రాసి కోర్టుకు పోస్టు చేసింది. అందినట్టు చీటీ వచ్చింది. ఇంకేమీ రాలేదు.

ఆ నడవాలో ఇప్పుడు కొత్త వార్డరు తిరుగుతోంది. తలుపు తట్టే పని పుస్తకంలో ఎక్కడా లేదు కనుక ఆమె తట్టదు.

పెద్దమ్మ బయటి గేటు దగ్గర, ఖైదీలను చూడ్డానికి ములాఖత్‌కు వచ్చినవాళ్ల చేతిమీద ముద్ర వేస్తోంది. పదకొండు నెలలైంది. ఆ గదిలో మనిషి కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.