అప్పలస్వామి బూట్ల నంబరు

1981 జూన్‌లో ఆదిత్యపూర్‌లోని ఒక ఫోర్జింగ్ కర్మాగారం డిస్పెన్సరీలో మెడికల్ ఆఫీసరుగా చేరాను. హోదా పెద్దదే, పని మాత్రం కాలిన చేతులకు కట్లు, తలనొప్పికి మాత్రలు, సెలవు కాగితాల మీద సంతకాలు.

రెండేళ్ళకు వెల్ఫేర్ ఆఫీసరు ఎర్రగా కాలిన ఇనుముని సుత్తి యంత్రంతో సాగగొట్టే ఒక హేమర్ ఆపరేటర్ని వెంటబెట్టుకొచ్చాడు. పేరు అప్పలస్వామి, శ్రీకాకుళం వైపు మనిషి, నలభై దాటాయి. కంపెనీ ఏడాదికొక జత సేఫ్టీ బూట్లిస్తుంది. ఇతను రెండేళ్ళలో మూడుసార్లు పెద్ద నంబరు అడిగి తీసుకున్నాడు. సాక్చి బజారులో అమ్ముకుంటున్నాడని స్టోరు గుమాస్తా ఫిర్యాదు చేస్తే ఛార్జిషీటు ఇచ్చారు. రుజువైతే ఉద్యోగం పోతుంది. పాదం కొలిచి, పాత ఏడో నంబరే సరిపోతుందని నేను రాసివ్వాలట.

నలభై దాటాక పాదాలు పెరుగుతాయా మేడమ్‌జీ, అని ఆఫీసరు నవ్వాడు. కొలవకముందే జవాబు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. కొలిచాను. పది.

"అమ్ముకోనేదు డాక్టరమ్మా, కాలే పట్టనేదు. ఏలికి ఉంగరం కూడా కోయించీసినాను. ఈ వయసులో ఎదుగుతున్నావేటని మా ఆడది నవ్వుతాది," అన్నాడు అప్పలస్వామి.

గేటు పాసు అడిగి, దాని మీది పాత ఫోటో చూశాను. దవడ, ముక్కు, కనుబొమల ఎముక, అన్నీ వేరే మనిషివి. ఈ మనిషికి రెండేళ్ళుగా నెలనెలా తలనొప్పి మాత్రలు రాసింది నేనే.

ఒక్కో కన్నూ మూయించి, నా ముక్కువైపే చూడమని, రెండు పక్కలా వేలు కదిపాను. చెవివైపు కదిలిన వేలు ఏ కంటికీ కనబడలేదు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. కంటి నరాలు కలిసేది దాని పైనే. అక్కడ కణితి లేస్తే పక్కచూపు పోతుంది. ఆ కణితి ఎదుగుదల హార్మోను వదిలితే ముదిరిన ఎముక కూడా లావెక్కుతుంది. తలకు ఎక్స్‌రే తీయిస్తే, ఆ గ్రంథి కూర్చునే ఎముక గుంట ఉబ్బిపోయి ఉంది.

ఆపరేషను మద్రాసులో. ఉద్యోగం పోతే ఖర్చు కంపెనీ భరించదు. ఆలస్యమైతే ఉన్న చూపూ పోతుంది. ఎక్స్‌రే పట్టుకుని మేనేజరు గదికెళ్ళాను. దయతలచి వదిలేస్తామన్నారు. దయ ఎవడిక్కావాలి, ఛార్జిషీటే తప్పని రాయండన్నాను. గంట వాదించాక రాశారు.

ముక్కులోంచి వెళ్ళి కణితి తీశారు, తర్వాత రేడియేషన్. చూపు చాలావరకు తిరిగొచ్చింది. పాదాలు పదో నంబరులోనే ఉండిపోయాయి. పెరిగిన ఎముక తగ్గదు.

మార్పును మొదట పట్టుకున్నది స్టోరు గుమాస్తా. దానికి దొంగతనమని పేరు పెట్టాడు, అంతే. డాక్టర్నై ఉండి నేను ఏ పేరూ పెట్టలేదు. నెలనెలా వచ్చే రోగిని ఏడాదికొకసారైనా కొత్తవాడిలా పరీక్షించాలని అప్పుడే నేర్చుకున్నాను.