రంగుల్లేని టీవీలో పడవ

నా చిన్నప్పుడు మా పేట మొత్తానికి ఒకటే టీవీ ఉండేది. అది ఐసు ఫ్యాక్టరీ వాళ్ళింట్లో. మాది బందరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పేట. మగవాళ్ళు వేటకు వెళ్ళేవారు, ఆడవాళ్ళు చేపలు గంపల్లో పెట్టుకుని ఊళ్ళ వెంట తిరిగి అమ్మేవారు. ఐసు ఫ్యాక్టరీ యజమాని బెజవాడలో ఆ టీవీ కొని, ఐసు తీసుకెళ్ళే లారీలో గడ్డి పరిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దాని మీద పెట్టించి తెచ్చాడు. లారీ వెనక పేట పిల్లలమంతా పరిగెత్తాం.

యజమాని భార్యను మేము అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ మంచి మనిషి. ఎవరినీ వద్దనేది కాదు. కాకపోతే మేము వెళ్ళేసరికి గదిలో అగరొత్తులు గుత్తులు గుత్తులుగా వెలుగుతూ ఉండేవి. అవి దేవుడికి కాదని మాకు తెలుసు. అందుకే మా అమ్మ టీవీకి వెళ్ళే రోజు చింతపండుతో చేతులు తోముకుని, నా చేతులు కూడా తోమి, వాసన చూసి మరీ తీసుకెళ్ళేది. అంత తోముకున్నా మేము గడప దగ్గర, కింద నేల మీదే కూర్చునేవాళ్ళం. అయినా ఆ గంటసేపు అమ్మ ముఖంలో వచ్చే వెలుగు వేరు. పొద్దుటి నుంచి గంప మోసిన మనిషి అక్కడ కాళ్ళు చాపుకుని, పాటలు చూస్తూ, పక్కవాళ్ళతో పరాచికాలాడేది. ఇంట్లో అమ్మ అలా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

మా నాయనమ్మకు మాత్రం టీవీ మీద నమ్మకం లేదు. పెట్టెలో మనుషులు మాట్లాడితే మనం తిరిగి ఒక మాట అడగలేం, అలాంటి వాళ్ళ కబురు నమ్మేదెట్లా అనేది. అయినా రోజూ వచ్చేది, అందరూ అక్కడే ఉంటారు కాబట్టి.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పట్టాక మా నాన్న వాళ్ళు వేటకు వెళ్ళారు. తుఫాను వస్తోందని రేడియో చెప్పేలోపే పడవలు కనుచూపు దాటిపోయాయి. తుఫాను మా మీదికి రాలేదు. ఎక్కడో దూరంగా తీరం దాటిందన్నారు. మాకు గాలీ, తెరలు తెరలుగా వానా, అంతే. కానీ పడవలు రాలేదు. వేటకు పోయినవాళ్ళ ఇంట్లో ఏడుపు వినపడకూడదని మా వాళ్ళ నమ్మకం. ఏడిస్తే ఆ ఏడుపు నీళ్ళ మీద వాళ్ళ దాకా పోతుందంటారు. అందుకని ఆడవాళ్ళంతా పెదవులు బిగించుకుని పనులు చేసుకున్నారు. దీపాలు పెట్టగానే ఒక్కొక్కరూ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళింటికి చేరారు. ఆ రోజు పాటల కోసం ఎవరూ రాలేదు.

పక్కింటి అక్క కూడా వచ్చింది. ఆమె పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమెను ఇచ్చింది కాలవకు అవతలి పేటకు. ఆమె భర్త కూడా ఆ రోజుల్లో సముద్రం మీదే ఉన్నాడు. కింద కూర్చుంటే లేవలేనని ఆమె గుమ్మం బయట అరుగు మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పేట పడవలకూ, అవతలి పేట పడవలకూ ముందు భాగాన రెండేసి రంగు పట్టీలు వేసేవారు. పైది లావు, కిందిది సన్నం. రెండు పేటలకూ పడవలు కట్టేది ఒకే వడ్రంగి కాబట్టి ఆ తీరు ఒక్కటే. రంగే తేడా. మావి ఆకుపచ్చ, వాళ్ళవి ఎరుపు. ఒడ్డున నిలబడిన ఆడవాళ్ళు ఆ రంగు చూసే తమ వాళ్ళు వస్తున్నారో లేదో దూరం నుంచే చెప్పేవారు. మా పడవకు ఆ ఏడు రంగు వేసింది మా అమ్మే.

టీవీలో హిందీ వార్తలు వస్తున్నాయి. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అమ్మగారికి తెలుగు చదవడం వచ్చు గానీ హిందీ రాదు. అంతలో సముద్రం కనిపించింది. ఒడ్డున పడిపోయిన కొబ్బరిచెట్లు, వాటి పక్కన ఇసుకలో ఒక వైపుకు ఒరిగిపోయిన పడవ ఒకటి. దాని ముందు భాగాన రెండు పట్టీలు. పైది లావు, కిందిది సన్నం. బొమ్మ కింద అక్షరాలు పడ్డాయి. అది ఏ ఊరో అందులో రాసే ఉంటారు. కానీ అవి ఏ భాష అక్షరాలో కూడా మాకెవరికీ తెలియదు.

"మనదే! అత్తా, మనదే అది!" అని మా అమ్మ లేచి నిలబడింది.

"నీకేం తెలుసే, కూర్చో" అంది నాయనమ్మ.

"నా చేత్తో ఏసిన పట్టీ నేను గుర్తుపట్టలేనా?"

అమ్మ చెయ్యి నుదుటి మీద బొట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ చెయ్యి ఒక్కసారి పక్కకు జరిగితే ఇక ఏడుపు ఆగదని, ఒక ఇంట్లో మొదలైతే పేటంతా అందుకుంటుందని అక్కడున్న అందరికీ తెలుసు. అమ్మగారు గాభరాపడి టీవీ కట్టేయబోయింది. నాయనమ్మ మాత్రం, "కట్టకండి అమ్మగారూ, ఉండనివ్వండి" అంది. అప్పటికి పడవ పోయి, వార్తలు చదివే ఆమె మళ్ళీ కనిపించింది.

"ఆ పిల్ల కట్టుకున్న చీర ఏం రంగే?" అని నాయనమ్మ అడిగింది.

"చీరేంటత్తా ఇప్పుడు!"

"అడిగినదానికి చెప్పు."

వెనక నుంచి ఎవరో ఎరుపన్నారు.

"ఎరుపేంటే నీ మొహం. ముదురు ఆకుపచ్చ."

"కాదు, నెమలికంఠం రంగు. అచ్చం అట్టాంటిదే మొన్న బందరులో చూశా."

"చూసి ఊరుకున్నావా, కొన్నావా?"

"కొనే మొహమే అయితే ఇట్టా గడప కాడ కూర్చుంటానా?"

అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు. నాయనమ్మ అమ్మ వైపు తిరిగింది. "చీర రంగు ఇంతమందిలో ఒక్కళ్ళకీ తెలీలా. పడవ రంగు మాత్రం నీకు తెలిసిపోయిందా? ఆ పెట్టెలో ఉన్నదంతా బూడిద రంగేనే పిచ్చిదానా" అంది.

అమ్మ చెయ్యి కిందికి దిగింది. నిజమే, ఆ టీవీలో రంగులు లేవు. ఇన్నాళ్ళుగా చూస్తున్నాం, చీరలకూ పూలకూ మనసులోనే రంగులు వేసుకుని చూస్తున్నాం, ఆ సంగతే మరిచిపోయాం. అమ్మ కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. అది నవ్వో మరేమిటో నాకు తెలియలేదు. మిగతావాళ్ళు కూడా ఊపిరి పీల్చుకున్నారు. నాయనమ్మ తెలివిని చూసి నాకు గర్వంగా అనిపించింది.

అప్పుడు కిటికీ బయటి నుంచి పక్కింటి అక్క గొంతు వినిపించింది. గట్టిగా కూడా అనలేదు.

"మామ్మా, అయితే అది ఎర్రది కూడా అయ్యుండొచ్చు గదా?"

టీవీలో ఆమె హిందీలో చదువుకుంటూ పోతోంది. నాయనమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె గోడ పట్టుకుని లేచి బయటికి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. ఎక్కడి పడవో ఏమోనే, ఎన్ని ఊళ్ళు లేవు, ఎన్ని పడవలు లేవు అంది. మా అమ్మను నిలబెట్టిందీ ఇలాంటి మాటే. అక్క దగ్గరికి వచ్చేసరికి అందులో బలం లేకపోయింది. అక్క కడుపు మీద చేతులు పెట్టుకుని వింటూ కూర్చుంది.

ఇంటికి వచ్చాక అమ్మ నాకు అన్నం పెడుతూ, "పోన్లే అత్తా, మనది కాదు" అంది.

"మనది కాకపోతే ఎవరిదో ఒకరిది అవుద్ది గదే" అంది నాయనమ్మ. "ఆ పిల్ల అక్కడే కూర్చునుంది. నీకు కనపడలా. నాకూ కనపడలా." ఆ పూట ఆమె అన్నం తినలేదు.

తర్వాత రెండు రోజులకు మా పేట పడవలు వచ్చాయి. నీళ్ళ మీద ఆకుపచ్చ కనపడగానే అందరూ ఒడ్డుకు పరిగెత్తారు. అలాంటప్పుడు ఆడవాళ్ళు కేకలు వేసుకుంటూ నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళిపోయేవారు. ఆ రోజు నాయనమ్మ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్కింటి అక్క మాకంటే ముందే వచ్చి తడి ఇసుకలో నిలబడి ఉంది. నాన్న దిగి, జుట్టులో ఉప్పు దులుపుకుంటూ మా వైపు చూశాడు.

"ఏంటి, నేనొచ్చానని ఎవరికీ సంతోషం లేనట్టుంది?" అన్నాడు నవ్వుతూ.

అక్కే ముందుకు వెళ్ళి, "బాబాయ్, ఎర్రపట్టీలోళ్ళు కనపడ్డారా?" అని అడిగింది.

నాన్న నవ్వు పోయింది. "మొదటి రోజు కనపడ్డారమ్మా. గాలి లేచాక మేం ఇటు తిరిగాం. వాళ్ళు ఇంకా దక్షిణం వైపు పోయినట్టున్నారు" అన్నాడు. అక్క తలూపింది. నాన్నకు మంచినీళ్ళ చెంబు అందించింది కూడా ఆమే.

అవతలి పేట పడవలు ఒక్కటొక్కటే ఏవేవో రేవులు పట్టుకుని తిరిగొచ్చాయి. అక్క భర్త వెళ్ళిన పడవ రాలేదు. టీవీలో మేము చూసింది అదేనో, మేము ఎప్పుడూ వినని ఏదో ఊరి పడవో ఈనాటికీ తెలియదు. కొందరు ఆమె ముఖం మీదే, ఆ రోజు చూశాం కదమ్మా అది నీదే అన్నారు. కొందరు కాదన్నారు. చూసింది మాత్రం అందరం ఒకటే బొమ్మ. ఆమెకు బిడ్డ పుట్టింది. బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ టీవీ ఇంటి గడప తొక్కలేదు.

కొన్నేళ్ళకు ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు రంగుల టీవీ తెచ్చారు. అందరూ గుడికి వెళ్ళినట్టు వెళ్ళి చూశారు. మా అమ్మ ఇంటికొచ్చి, "ఇక పడవ కనపడితే ఎవరిదో తెలిసిపోద్ది అత్తా" అంది. నాయనమ్మ వల అల్లుతూ ఉంది, తల ఎత్తలేదు.

ఇప్పుడు నేను కంకిపాడులో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. గోడంత టీవీ ఉంది. సాయంత్రం అందరం దాని ముందే కూర్చుని అన్నాలు తింటాం. ఎక్కడో వరద, ఎక్కడో బస్సు బోల్తా అని చూపిస్తారు. పిల్లలు ఒక్క క్షణం చేతిలో ముద్ద ఆపి, మన వైపు కాదులే అని మళ్ళీ తినడం మొదలుపెడతారు. వాళ్ళను తప్పుపట్టను. మా అమ్మ కూడా అదే మాట అంది. బతకడానికి ఆ మాట కావాలి.

నాకే ఆ మాట నోట రాదు. మనవరాలి పలక మీద, దాని పక్కన కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నది జుట్టు నెరిశాక. ఇప్పటికీ గబగబా చదవలేను. బొమ్మ కింద పరిగెత్తే ఊళ్ళ పేర్లు సగం నాకు అందకుండానే పోతాయి. అందిన పేరును మాత్రం కూడబలుక్కుని చివరిదాకా పైకి చదువుతాను. మనవరాలు ఛానల్ మార్చబోతే చెయ్యి పట్టుకుని ఆపుతాను. అది విసుక్కుంటుంది. "ఏంటి అమ్మమ్మా, ఆ ఊళ్ళో మనవాళ్ళెవరూ లేరు గదా!" అంటుంది.

లేరు. కానీ ఆ ఊరివాళ్ళు ఎవరో ఈ వేళప్పుడు ఎక్కడో ఇలాగే ఒక టీవీ ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళ చెయ్యి ఇంకా నుదుటి దగ్గరే ఆగి ఉంటుంది. ఆ పేరు పూర్తిగా చదివేదాకా నాకు ముద్ద దిగదు.