నిలబడి ప్రయాణించిన గోంగూర

ఒక సంగతి ముందే చెప్పేసి మొదలుపెడితే తర్వాత గొడవ ఉండదు. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. నాలుగు చినుకులు పడితే తుపాను అంటాను, ఇంటికి ఇద్దరు వస్తే జాతర అంటాను. మా ఇంట్లో ఈ జబ్బు సంగతి అందరికీ తెలుసు కనక, నేను చెప్పినదాంట్లోంచి సగం తీసేసి వింటారు. మీరూ అలాగే తీసేసుకుంటూ చదవండి. చివరికొచ్చాక ఇందులో ఏ ముక్క నేను అచ్చంగా కల్పించానో నేనే చెప్పేస్తాను.

నా తల మీద జుట్టూ, నా నడుముకి ఒక ఆకారమూ ఉన్న ఆ రోజుల్లో నేను కెనడాలో, కిచెనర్ అనే ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. ఆ వయసులో మనిషికి కావలసినవన్నీ ముందు వస్తాయి, అవసరమైనవి తర్వాత వస్తాయి. సరైన చలికోటు లేదు గానీ, సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్ సైకిల్ కొన్నాను. ఈ దేశంలో మోటార్ సైకిల్ అంటే ఏడాదిలో సగం దుప్పటి కప్పుకుని నిద్రపోయే జంతువు. అది మెలకువగా ఉన్న రోజుల్లో నేను చేసిన అతి పెద్ద యాత్ర, కరివేపాకు కోసం గంట దూరంలో ఉన్న మిస్సిసాగా వెళ్ళిరావడం. వెళ్ళడం బండి మీదే వెళ్ళాను. దారిలో, వెనక సీటుకి తాడేసి కట్టిన రెయిన్ కోటు 401 హైవే మీద రెక్కలొచ్చినట్టు ఎగిరిపోయింది. సరిగ్గా తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. ఒక సర్దార్జీ అంకుల్ జాలిపడి నన్నూ బండినీ తన ట్రక్కులోకి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపారు. (కరివేపాకు ఒక్కటే పొడిగా చేరింది. చొక్కా లోపల పెట్టుకున్నాను.) ఆనాటి నుంచీ వెనక సీటుకి కట్టిన దేన్నీ నేను నమ్మలేదు. ఈ అపనమ్మకమే ముందు కథకి మూలం కాబట్టి గుర్తుపెట్టుకోండి.

సరిగ్గా అదే సమయానికి, మాంట్రియల్‌లో మాస్టర్స్ చదువుతున్న ఒక అమ్మాయితో మా పెద్దవాళ్ళు సంబంధం మాట్లాడి, "మీరూ మీరూ ఫోన్లో మాట్లాడుకోండి" అని మమ్మల్ని వదిలేశారు. నన్ను ఫోనుతో ఒంటరిగా వదలడం ఎంత ప్రమాదమో పాపం వాళ్ళకి తెలియదు. మా ఒంటారియో రాష్ట్రంలో నేను బండి మీద చుట్టని సరస్సు లేదని చెప్పాను. ఒక అడవి దారిలో ఎలుగుబంటి నాతో సమానంగా పరిగెత్తిందనీ, నేను గేరు మార్చి దాన్ని వెనకేశాననీ చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో ఒక్క మాట అడ్డు చెప్పకుండా అంతా విని, "అప్పుడు మీరు ఎన్నో గేర్లో ఉన్నారు?" అని అడిగేది. అలాంటి ప్రశ్నలు అడిగే మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండాలన్న తెలివి నాకు అప్పటికింకా రాలేదు.

ఒకరోజు సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. "చూడండి, నేను ఉండేది మా పెద్దమ్మ వాళ్ళింట్లో కదా. మీ సంగతులన్నీ ఆవిడకి చెప్తుంటాను. నిన్న ఏమందంటే, 'ఈ పిల్లోడు మాటకారి గానీ, ఇంతకీ బండన్నా నిజంగా ఉండాదా లేదా కనుక్కో' అంది. నాకూ అదే డౌటు. వచ్చే ఆదివారం ఇక్కడికి బండి మీద రండి. వస్తే మిగతాది ఆలోచిస్తాను. బస్సులో వస్తే మాత్రం పెద్దమ్మ చేతి కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు." నేను సరేననేలోపే, "ఇంకోటి. మీ అమ్మగారు పంపించిన గోంగూర గురించి ఒకటే చెప్పారుగా. అది కూడా నిజమే అయితే పెద్దమ్మకి తీసుకురండి" అంది.

అదృష్టవశాత్తూ గోంగూర నిజం. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళెవరి సూట్‌కేసులోనో మా అమ్మ పంపిన పొడుగాటి గాజు సీసా, మెడదాకా నూనెతో, వంటింటి అలమరలో నిలబడి ఉంది. దాన్ని ఆరు వందల కిలోమీటర్లకి పైగా తీసుకెళ్ళడం ఎలా అన్నదే సమస్య. వెనక సీటుని నేను నమ్మను. వీపుకి తగిలించుకుంటే నూనె కారి, పెళ్ళిచూపులకి వెళ్ళినవాడు వెనక్కి తిరగకుండా నడవాల్సొస్తుంది. నా రూమ్మేట్‌ని అందరం సర్పంచ్ అనేవాళ్ళం, ఎందుకంటే అపార్ట్‌మెంట్‌లో పాలు ఎవరు తాగారన్న దగ్గర్నుంచి ప్రతి తగాదాకీ తీర్పు అతనే చెప్పేవాడు. వరంగల్ మనిషి. సీసాని చుట్టూ తిరిగి చూసి, "మామా, దీన్ని నీ కండ్ల ముంగట పెట్టుకోని పోవాలె. ట్యాంక్ బ్యాగ్ కొనుడొక్కటే దారి" అని తీర్పిచ్చాడు. ట్యాంక్ బ్యాగ్ అంటే బండి పెట్రోల్ ట్యాంకు మీద, మన పొట్టకి ఎదురుగా కూర్చునే సంచీ. దాని నెత్తిన పారదర్శకమైన అర ఉంటుంది, దారి చూసుకోవడానికి ఫోన్ అందులో పెట్టుకుంటారు.

శనివారం పొద్దున్నే బైక్ సామాన్ల షాపుకి ఇద్దరం వెళ్ళాం. నా చేతిలో గోంగూర సీసా, సర్పంచ్ చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్. (కొలత చూడకుండా సంచీ ఎలా కొంటాం?) షాపాయనకి తల మీద ఉండాల్సిన జుట్టంతా గడ్డంలోకి దిగిపోయింది. ఆ గడ్డం అతని బెల్టు దాకా వచ్చింది. (సగం తీసేయండి.) "సాధారణంగా ఇందులో గ్లవ్స్, రెయిన్ జాకెట్ పెట్టుకుంటారు. మీరేం పెడతారు?" అన్నాడు ఇంగ్లీషులో. సర్పంచ్ నా చేతిలోంచి సీసా తీసుకుని గాజు కౌంటర్ మీద పెట్టాడు. ఆయన వంగి చూసి, "ఏమిటిది?" అన్నాడు. "ఆకులు" అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "ఏ ఆకులు?" అన్నాడు. నేను వివరించేలోపే సర్పంచ్ మూత తీశాడు. వాసన వెళ్ళిన మేరకు షాపులో అందరికీ అర్థమైంది.

మొదట అయస్కాంతం బ్యాగ్ చూపించాడు. ట్యాంకు మీద పెడితే అదే అతుక్కుంటుందట. సర్పంచ్ నమ్మలేదు. జేబులోంచి మా ఫ్రిజ్ మీది వినాయకుడి అయస్కాంతం తీసి (ఇంటి నుంచే తెచ్చాడు, ముందుచూపు) బయట నా బండి ట్యాంకుకి అతికించాడు. వినాయకుడు మెల్లగా జారి నేల మీదికి దిగాడు. "మామా, నీ బండిది ఇనుప ట్యాంకు గాదురా. మీద మొత్తం ప్లాస్టిక్ తొడుగే. కొన్ననాడు నన్నెందుకు తోల్కపోలే?" అన్నాడు, నా కంటే ఎక్కువ బాధపడుతూ.

ఆ తర్వాత బెల్టులతో కట్టే బ్యాగులు వచ్చాయి. షాపాయన మెచ్చినది పొట్టిగా, తాబేలులా, ట్యాంకుకి కరుచుకుని ఉంది. "ఇదే తీసుకోండి. సీసాని అడ్డంగా పడుకోబెట్టండి" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గోంగూర సీసాని పడుకోబెట్టమన్న మనిషితో ఏం మాట్లాడతాం? "అడ్డం పండవెడ్తే నూనె మొత్తం వోతది. నూనె వోయిన పచ్చడి పట్కపోతె పిల్లనిస్తరా?" అని సర్పంచ్ తెలుగులోనే అడిగాడు. ఆయనకి తెలుగు రాకపోయినా బాధ అర్థమైనట్టుంది, చుట్టూ జిప్పు ఉన్న ఇంకో బ్యాగ్ తీశాడు. ఆ జిప్పు లాగితే సంచీకి రెండో అంతస్తు లేస్తుంది. అందులో సీసా నిటారుగా నిలబడింది, పక్కన క్యారియర్ కూర్చుంది. షాపాయన మాత్రం తల అడ్డంగా ఊపి, "ఇంత ఎత్తు మంచిది కాదు. ఒకసారి బండి మీద కూర్చుని హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకోండి" అన్నాడు.

చూసుకున్నాం. పార్కింగ్‌లో బండి మీద కూర్చుని ఎడమకి పూర్తిగా తిప్పాను. పాం అని హారన్ మోగింది. కుడికి తిప్పాను. మోగలేదు. మళ్ళీ ఎడమకి తిప్పితే మళ్ళీ పాం. "బరాబరున్నది" అన్నాడు సర్పంచ్. ఈ దేశంలో పుట్టినవాడెవడైనా అక్కడే ఆగి, నొక్కకుండానే హారన్ ఎందుకు మోగిందా అని ఆలోచించేవాడు. మేమిద్దరం పెరిగిన వీధుల్లో బండి తిరుగుతుంటే హారన్ మోగకపోతే అనుమానపడాలి గానీ, మోగితే అనుమానం దేనికి? నా చెయ్యే అలవాటు కొద్దీ నొక్కిందనుకున్నాను. సర్పంచ్ కూడా అంతే అనుకున్నాడు. షాపాయన గుమ్మంలోకి వచ్చి, మేం ఎవరిని తిడుతున్నామో అని అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. మేం ఆ బ్యాగే కొన్నాం.

ఆదివారం తెల్లవారుతుండగా సర్పంచ్ కలిపిన పులిహోర క్యారియర్‌లో, మా అమ్మ గోంగూర దాని పక్కన నిలబడగా, నేనొక్కణ్ణే బయల్దేరాను. సంచీ నా గడ్డం దాకా వచ్చింది. (ఛాతీ దాకా.) 401 మీద పెద్ద పెద్ద ట్రక్కులు పక్కనుంచి పోతుంటే ఆ గాలికి బండి వణికేది, బండితో పాటు నేను, నాతో పాటు ఎలుగుబంటి అబద్ధం. సీసా మాత్రం కదలకుండా నిలబడింది. హైవే మీద తిన్నగా పోవడమే గానీ తిరగడం ఉండదు కాబట్టి అంతా ప్రశాంతం.

సగం దారి దాటాక కింగ్‌స్టన్ అనే ఊరి దగ్గర పెట్రోల్ కోసం ఆగాను. పంపు చుట్టూ ఎడమకి తిప్పానో లేదో, పాం. అక్కడ తోలు జాకెట్ల మోటార్ సైకిల్ ముఠా ఒకటి కాఫీ తాగుతోంది. అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. కంగారులో ఇంకా తిప్పాను, ఇంకా మోగింది. బండి ఆపి, హెల్మెట్ తీసి, రెండు చేతులూ జోడించాను. వాళ్ళల్లోంచి నెరిసిన జడతో ఒక పెద్దావిడ లేచొచ్చి, నా హ్యాండిల్ తనే పట్టుకుని ఎడమకి తిప్పింది. పాం. "నాయనా, హారన్ కొడుతున్నది నువ్వు కాదు, నీ సంచీ" అంది (ఆవిడ ఇంగ్లీషుకి ఇది నా తెలుగు). హారన్ బటన్ ఎడమ చేతి పిడి మీద ఉంటుంది. ఎడమకి తిప్పినప్పుడల్లా ఆ పిడి వెనక్కి వచ్చి సంచీ రెండో అంతస్తుకి గుచ్చుకుంటోంది. "ఎత్తు తగ్గించు" అంది. తగ్గించడం కుదరదని చెప్పి సీసా చూపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కుడివైపే తిరుగుతూ పో" అంది. ఆ సలహాకి కృతజ్ఞతగా పులిహోర పెట్టాను. ఆ తోలు జాకెట్లన్నీ ప్లాస్టిక్ చెంచాలతో క్యారియర్ అడుగు దాకా తుడిచేశాయి.

మాంట్రియల్‌లో ఎడమకి తిరిగిన ప్రతిచోటా ఫ్రెంచిలో తిట్లు తిన్నాను. చివరికి వాళ్ళ వీధి వచ్చింది. రెండు వైపులా ఇళ్ళకి బయట మెలికలు తిరిగిన ఇనప మెట్లు, బాల్కనీల్లో పూలకుండీలు, ఆదివారం మధ్యాహ్నపు నిశ్శబ్దం. అందులోకి తిరగ్గానే హారన్ మోగింది. ఆగకుండా మోగింది. కిటికీలు తెరుచుకున్నాయి, కుక్కలు లేచాయి, కింద వాటాలో తాతగారు చేతిలో చెప్పుతో సహా బయటికొచ్చారు. రెండో అంతస్తు బాల్కనీలోకి ఆ అమ్మాయి వచ్చింది, వెనకే నడుము మీద చెయ్యేసుకుని పెద్దమ్మ గారు.

"ఏం నాయనా, వీధంతా లేపుకుంటా వస్తివే" అందావిడ పైనుంచే.

"హారన్ కొట్టింది నేను కాదండీ" అన్నాను. "మీ గోంగూర."

అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఎలుగుబంటి కథ విన్నప్పుడు ఫోన్ అవతల ఎలాంటి ముఖం పెట్టి ఉంటుందో అప్పుడు చూశాను.

"అంటే, పచ్చడి హారన్ కొట్టింది" అంది.

"నూనె పోకూడదని నిలబెట్టి తెచ్చాను. అందుకని."

నా పెళ్ళి ఆ ఒక్క వాక్యం మీద వేలాడుతోందని నాకు తెలుసు. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి హ్యాండిల్ పట్టుకుంది. ఎడమకి తిప్పింది. పాం. కుడికి తిప్పింది. మోగలేదు. ఇంకోసారి అటూ ఇటూ తిప్పింది. వీధి మూల వైపు ఒకసారి చూసింది, నా వైపు ఒకసారి చూసింది. తర్వాత తలెత్తి, "పెద్దమ్మా, ఈయన నిజంగానే బండి మీద వచ్చారు" అంది. పెద్దమ్మ గారు కిందికొచ్చి, సీసా మూత తీసి, చిటికెన వేలితో నాలిక మీద రాసుకుని, "గోంగూర గూడా నిజమే. పైకి రాండి, అన్నం తిందురు" అంది. కాఫీ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మేం మిస్సిసాగాలో టౌన్‌హౌస్‌లో ఉంటున్నాం. బండి అమ్మేశాం. సంచీ గ్యారేజీలో ఉంది, రెండో అంతస్తు జిప్పు తుప్పుపట్టి తెరుచుకోదు, ముక్కు దగ్గర పెడితే ఇప్పటికీ గోంగూర. నేను కారులో ఆఫీసుకి వెళ్ళొస్తాను. కారు హారన్ ఎలా మోగుతుందో నాకు గుర్తులేదు.

ఇక మాట ఇచ్చాను కదా. ఎలుగుబంటి సంగతి మీరే పట్టేసి ఉంటారు, అది లెక్కలోకి రాదు. నేను కల్పించింది చివరి హారన్. ఆ వీధి మూలలో బండి ఆపాను. బాల్కనీలన్నీ ఖాళీ. ఇంత దూరం వచ్చి, గంట నొక్కి, వాళ్ళు తలుపు తీసేసరికి సంచీ పట్టుకుని నిలబడి ఉంటే బస్సులో వచ్చాననుకోరా అని భయం వేసింది. బండి మీద ఉండగానే ఆవిడ చూడాలి. బొటనవేలు బటన్ మీద పెట్టి వాళ్ళింటి ముందు దాకా వచ్చాను, ఆవిడ బయటికొచ్చేదాకా తీయలేదు. నేరం గోంగూర మీద వేశాను.

నేను రాసిందేదైనా ముందు మా ఆవిడ చదివి సగం కొట్టేస్తుంది. ఇది చదివి ఏమీ కొట్టేయలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, కాఫీ వడపోస్తూ, "మూల మీది రోడ్డు వన్‌వే. మా వీధిలోకి మీరు తిరిగింది కుడివైపు" అంది.

"అయితే?" అన్నాను.

"ఎడమకి తిప్పితేనే మోగేది. ఆరోజే తిప్పి చూశాగా."

"మరి అప్పుడే అనలేదేం?"

"బండి మీద వచ్చారుగా" అంటూ కప్పు నా చేతికిచ్చింది. "మిగతాది సగం తీసేశాను."

కప్పు అందుకున్నాను. దాని చెవి పట్టుకున్న నా బొటనవేలు దానంతటదే ఒకసారి గట్టిగా నొక్కింది. ఏమీ మోగలేదు.