డుమస్‌లో సముద్రం లేని ఉదయం

ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి నేను అలల సమాచారం పెడతాను. పెట్టేది ఆరుగురున్న ఒక వాట్సాప్ గ్రూపులో. హజీరా ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇంజినీర్లు ముగ్గురు, ఒక దంతవైద్యురాలు, ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి, నేను. అందరం తెలుగువాళ్ళం. సూరత్‌లో ఉంటూ సర్ఫింగ్ చేయాలని పట్టుబట్టినవాళ్ళం. ఆరుగురికీ కలిపి బోర్డులు రెండు. అందులో ఒకటి నాది కాబట్టి, వయసులో పెద్దవాణ్ణి కూడా నేనే కాబట్టి, వచ్చే రెండు రోజుల్లో అలలు ఎలా ఉంటాయో చెప్పే పని నాది. ఎవరూ నాకు అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. మా వంశంలో పదవులు అలాగే వచ్చేవి.

వంశం గురించి ఎక్కువ చెప్పను. ఉత్తర కోస్తాలో మా తాతగారికి ఎనిమిది పడవలు, ఉప్పుమడులు, సముద్రానికి ఎదురుగా ఒక మేడ ఉండేవి. మా నాన్నగారి కాలానికి పడవలు పోయాయి, మడులు పోయాయి. నాకు దక్కింది ఇంటిపేరు, దాన్ని ఎక్కడైనా పూర్తిగా పలికే అలవాటు. మేడ ఇప్పుడు మా అక్క భర్తది. బావగారు దాన్ని న్యాయంగానే కొన్నారు, మాకంటే బాగానే చూసుకుంటున్నారు. నాకు మింగుడుపడనిది అదే.

సర్ఫింగ్ నేను యాభయ్యో ఏట విశాఖలో నేర్చుకున్నాను. తర్వాత హజీరాకు బదిలీ అయి, సూరత్‌లోని అడాజన్‌లో ఫ్లాటు తీసుకున్నాను. బోర్డును రైల్లో తెచ్చుకుంటుంటే టీసీ దాన్ని కాసేపు చూసి, ఇంత పెద్ద ఇస్త్రీబల్ల ఎందుకండీ అని అడిగాడు. నేను టికెట్టు చేతికిచ్చి, నా ఇంటిపేరు పూర్తిగా పలికి వినిపించాను.

సూరత్ శివార్లలోని డుమస్ సముద్రం గురించి చెప్పాలంటే, అది చాయ్ రంగులో ఉంటుంది. నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కనబడవు. అల పెద్దగా లేవదు, లేచినది గట్టిగా నిలబడదు. ఐనా రోజు బాగుంటే నడుమెత్తు అల వచ్చి, ఇసుకతిన్నె మీద మెల్లగా విరుగుతుంది. మాలాంటివాళ్ళకు అంతే చాలు. అలాంటి రోజు ఎప్పుడో ముందే తెలుసుకోవడానికి ఫోన్‌లో ఒక యాప్ ఉంది. అల ఎత్తు ఎంత, అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లు, గాలి నేల నుంచా నీటి నుంచా అన్నీ చూపిస్తుంది. సెకన్లు ఎక్కువుంటే అల దూరం నుంచి వస్తోందని, బలంగా ఉంటుందని అర్థం. గాలి నేల మీద నుంచి వీస్తే అల నున్నగా లేస్తుంది. ఈ మూడూ చూసి నేను తీర్పు చెప్పేవాణ్ణి. అడుగున ఆటుపోట్ల గీత ఒకటి ఉండేది, దాన్ని మాత్రం పట్టించుకునేవాణ్ణి కాదు. మా ఉత్తర కోస్తాలో పోటుకూ ఆటుకూ తేడా మహా అయితే మనిషి ఛాతీ ఎత్తు. అది చూసి ఎవరూ పని మానుకోరు.

వచ్చిన మొదటి నాలుగు నెలల్లో ఉదయంపూట ఒంటరిగా నాలుగుసార్లు డుమస్ వెళ్ళాను. రెండుసార్లు చక్కని అలలు దొరికాయి. మిగతా రెండుసార్లు సముద్రం చాలా దూరంలో ఉంది. గ్రూపులో మొదటి రెండింటి గురించే రాశాను. ఓడిన వాటిని రాసుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఆ వేసవిలో, వానలకు ముందు, బావగారు ఏదో పనిమీద ముంబై వచ్చి అక్కడి నుంచి ఫోన్ చేశారు.

"ఏమోయ్ బావమరిదీ, సూరత్‌లో సముద్రం మీద నడుస్తున్నావట. మీ అక్క చెప్పింది."

"నడవడం కాదు బావగారూ, అల మీద నిలబడటం."

"సూరత్‌లో చీరలుంటాయని విన్నాను. అలలు కూడా ఉంటాయా?"

"వచ్చి చూడండి."

"వస్తాను. నెలాఖర్లో పెళ్ళికి మనవాళ్ళందరూ చేరతారు కదా. నువ్వు నిలబడితే నిలబడ్డావని చెప్తాను, పడితే పడ్డావని చెప్తాను. నా కళ్ళతో చూడకుండా మాత్రం చెప్పను."

మా బంధువుల్లో ఏ కథైనా బావగారి నోట రావాల్సిందే. ఆయన చెప్పాక ఇక దానికి తిరుగులేదు. మా నాన్నగారు ఆఖరి పడవ ఇచ్చేసిన రోజు కథ కూడా ఇప్పటికీ ఆయన చెప్పిన తీరులోనే నడుస్తోంది, అందులో అంత వానలోనూ మా నాన్నగారికి గొడుగు కూడా ఉండదు. అందుకని ఈ ఒక్క కథైనా నిలబడ్డ కథ కావాలని నేను గట్టిగా అనుకున్నాను.

బావగారు శుక్రవారం దిగారు. ఆదివారం ఉదయం తిరుగు రైలు. శనివారం గ్రూపులో మిగతావాళ్ళందరికీ డ్యూటీలు, అది నాకు మంచిదే అనిపించింది. యాప్ చూశాను. నడుమెత్తు అల, పన్నెండు సెకన్లు, ఉదయం ఏడుకి నేల గాలి. ఇంత మంచి లెక్క ఆ నాలుగు నెలల్లో నేను చూడలేదు. భోజనాల దగ్గర బావగారికి చదివి వినిపించాను కూడా.

శనివారం ఆరున్నరకు కారు డుమస్ చేరింది. కారు మీద కట్టిన బోర్డు దింపి, చంకలో పెట్టుకుని, తలెత్తుకుని ముందు నడిచాను. దిబ్బ ఎక్కి చూస్తే సముద్రం లేదు.

దూరంగా ఎక్కడో ఒక తెల్లని గీత ఉంది. దానికీ మాకూ మధ్య కిలోమీటరుకు పైగా నల్లటి బురద, అందులో మెరుస్తున్న పిల్లకాలువలు, ఏదో ఏరుకుంటున్న కొంగలు. గాలి నేల నుంచే వీస్తోంది, ఎంతో చక్కగా.

బావగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "అల ఎంతెత్తన్నావు?"

"నడుమెత్తు."

"కొంగల నడుమా?"

నేను బోర్డును ఇసుకలో నిలబెట్టి, ఏదో ఆలోచిస్తున్నట్టు చూశాను. రోడ్డు పక్క టమాటా భజియాల బళ్ళు ఇంకా తెరవలేదు. ఒక్క ఇడ్లీ బండి మాత్రం పొగలు కక్కుతోంది. పొద్దున నడకకు వచ్చేవాళ్ళ కోసం ఒక తెలంగాణ ఆమె నడిపే బండి అది. భర్త సాంచాల మీద చీరలు నేస్తాడు, ఈమె ఇక్కడ ఇడ్లీలు పోస్తుంది. నన్ను చూసి ఆమె అక్కడి నుంచే కేకేసింది.

"ఏంది సార్, మల్ల పొద్దుగాలనే వచ్చిన్రు? ఇయ్యాల చౌదస్ కద. నీళ్ళు పగటీలి వస్తయ్."

బావగారి చెవులు నిక్కపొడుచుకున్నాయి. "మళ్ళీ అంటే?"

"ఇంతకుముందు గూడ రెండుసార్లు గిట్లనే వచ్చిండు సార్. పలక పట్టుకొని బురద దిక్కు జర సేపు చూసి పోయిండు. అడుగుతడేమో అని నేను చూసిన. అడగలే."

బావగారు నా వైపు తిరగలేదు. అంతకంటే ఘోరంగా, బల్ల మీద కూర్చుని నాలుగు ఇడ్లీలు చెప్పి, ఆమెతో ముచ్చట్లలో పడ్డారు.

"చతుర్దశికీ నీళ్ళకూ ఏమిటమ్మా సంబంధం?"

"తిథిని బట్టే కద సార్ నీళ్ళు. అమాస నాడు, పున్నం నాడు పగటీలి రెండున్నరకు నిండ వస్తయ్. గా రోజుల్ల పొద్దుగాల ఏం ఉండదు, అంత బురదే. తెల్లారి నుంచి ఒక్కో తిథికి ముప్పావు గంట ఎనక్కి జరుగుతది."

"నీకెవరు చెప్పారు?"

"చాపలోళ్ళు చెప్పిన్రు. నీళ్ళొస్తె జనం వస్తరు, జనమొస్తె పిండి ఒడుస్తది. నేను తిథి చూసుకునే పిండి కలుపుత."

బావగారికి పంచాంగం కొట్టిన పిండి. వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలుపెట్టారు. "అమావాస్యకు రెండున్నర. అంటే షష్ఠి నాటికి ఏడు. సప్తమికి ఏడూ ముప్పావు."

"అవ్ సార్, దినాం రెండుపార్లు వస్తయ్ కద, పొద్దుమీకి ఏడుకొస్తె పొద్దుగాల గూడ గప్పుడే వస్తయ్. కని అష్టమి దగ్గర నీళ్ళు తక్కువొస్తయ్. పొద్దుగాలొచ్చే నీళ్ళెప్పుడు చిన్నయే."

నేను బల్ల పక్కన నిలబడి మనసులో వెనక్కి లెక్క కట్టుకున్నాను. నేను గ్రూపులో గొప్పగా రాసిన ఆ రెండు ఉదయాలూ షష్ఠీ సప్తములే. అలలు నా తీర్పును బట్టి రాలేదు, తిథిని బట్టి వచ్చాయి.

"అయితే మా బావమరిదికి ఇది తెలీదంటావా?" అన్నారు బావగారు, ఇడ్లీని చట్నీలో ముంచుతూ.

ఇక్కడ నాకో అవకాశం ఉంది. తెలుసు బావగారూ, ఇడ్లీలు తినిపిద్దామనే పొద్దున్నే తెచ్చాను అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇడ్లీ బండామె నా మొహం చూస్తోంది, చిన్నగా నవ్వుతోంది కూడా. ఏం చెబుతానోనని ఆమెకు నిజంగానే కుతూహలంగా ఉన్నట్టుంది.

"తెలీదు," అన్నాను. తర్వాత ఆమె వైపు తిరిగి అడిగాను. "ఇవాళ నీళ్ళు ఎన్నింటికి నిండుతాయమ్మా?"

"రెండు కొట్టకముందు. పన్నెండున్నరకు దిగున్రి సార్, నీళ్ళు ఎక్కుతున్నప్పుడే మంచిగుంటది. గాలి మాత్రం ఎదురొస్తది, నేనేం చెయ్యలేను."

ఆరు గంటలు అక్కడే ఉన్నాం. బావగారు ఒంటె ఎక్కి దిగారు, కారులో నిద్రపోయారు, భజియాలు తిన్నారు. పదకొండు దాటాక ఆ తెల్లని గీత కదలడం మొదలైంది. ఒకసారి కదిలాక అది నడిచి రాలేదు, పరుగెత్తుకొచ్చింది. బురద, కాలువలు, కొంగలు నిలబడ్డ చోటు అన్నీ మునిగిపోయాయి. పన్నెండున్నరకు అలలు దిబ్బ ముందు ఇసుక మీద విరుగుతున్నాయి. ఆమె చెప్పినట్టే గాలి సముద్రం నుంచి ఎదురు వీస్తోంది. ప్రతి అల నెత్తినీ చెదరగొడుతోంది.

నేను దిగాను. మొదటి అల నన్ను దాటిపోయింది. రెండోది ముంచింది. మూడోదానికి లేవబోతే బోర్డు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. ఒడ్డున బావగారు చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడి చూస్తున్నారు. ఇలా గంట గడిచింది. ఆరో ఏడో అల నడుమెత్తుకు పైనే ఉంది, సరైన చోట దొరికింది. చేతులు ఆనించి, మోకాళ్ళ మీదికి లేచాను. ఇక రెండు పాదాలూ ముందుకు లాక్కుని నిలబడాలి. పాదాలు రాలేదు. అల మాత్రం ఆగలేదు. మోకాళ్ళ మీద అలాగే, బోర్డు అంచులు పట్టుకుని, నురుగుతో పాటు ఒడ్డుదాకా వచ్చేశాను. ఇసుకకు తగిలి బోర్డు ఆగింది. నేను ఎదురుగా బావగారి చెప్పులు చూస్తున్నాను.

"ఇది నిలబడటం కిందికి వస్తుందా?" అన్నారాయన.

"రాదు."

ఆయన ఇంకేమీ అనలేదు. దారి పొడుగునా అనలేదు. రైలెక్కుతూ కూడా అనలేదు. అంటే కథ తయారవుతోందని నాకు అర్థమైంది.

పెళ్ళిలో, రెండో బంతి భోజనాల దగ్గర, బావగారు గొంతు సవరించుకున్నారు. "సూరత్‌లో మా బావమరిది సంగతి విన్నారా?" విస్తళ్ళ ముందున్న వాళ్ళందరూ తలలెత్తారు.

"నేను చెప్తాను బావగారూ," అన్నాను ఎదురు వరసలోంచి. "మీకు తిథులు తప్ప ఏమీ గుర్తుండవు."

మొత్తం చెప్పాను. లేని సముద్రం, కొంగల నడుము, గ్రూపులో రాయకుండా దాచిన రెండు ఉదయాలు, ఇడ్లీ బండామె లెక్క. మా వాళ్ళ ముందు మా ఇంటి మనిషి తన ఓటమిని తానే చెప్పుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. నవ్వారు. పెద్దమ్మ అయితే కళ్ళు తుడుచుకుంది. బావగారు మధ్యలో రెండుసార్లు అందుకోబోయి, అవకాశం దొరక్క, పప్పులో నెయ్యి వేయించుకున్నారు.

"మరి చివరికి లేచి నిలబడ్డావా లేదా?" అంది పెద్దమ్మ.

"లేదు పెద్దమ్మా. మోకాళ్ళ మీద వచ్చాను."

"ఎంత దూరం?"

చూసిన మనిషి ఒక్కరే. అందరూ ఆయన వైపు తిరిగారు. బావగారు ముద్ద మింగి, పందిరిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొలిచినట్టు చూశారు.

"ఇక్కణ్ణుంచి అదిగో, ఆ వంట పొయ్యిల దాకా," అన్నారు.

నిజానికి అందులో సగం కూడా ఉండదు. నేను సరిదిద్దలేదు.